ఆకాశం నుండి దిగివచ్చే పెట్టె

ఏటా చలికాలం మొదలయ్యేసరికి దినపత్రికల జిల్లా పేజీల్లో ఒక చిన్న ప్రకటన వస్తూ ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే పేజీ తిప్పేస్తారు. హైదరాబాదు నుండి పరిశోధన కోసం పెద్ద బెలూన్లు ఎగరవేస్తున్నామనీ, వాటికి వేలాడే పరికరాలు పని ముగిశాక పారాచూట్‌తో ఎక్కడైనా పొలాల్లో దిగవచ్చుననీ ఆ ప్రకటన చెబుతుంది. విశాఖపట్నం, హైదరాబాదు, షోలాపూరు ఊళ్ళను కలిపే గీతకు అటూ ఇటూ, 200 నుండి 350 కిలోమీటర్ల దూరం వరకు అవి కొట్టుకుపోవచ్చు. కనబడినవారు ముట్టుకోకుండా దగ్గరలోని పోలీసు స్టేషనుకు గాని, పెట్టె మీద రాసిన చిరునామాకు గాని కబురు చేయాలి. అలా చేసినవారికి తగిన బహుమతి ఇస్తారు. ప్రకటన అంతే.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో ఉండే మాకు ఈ బెలూన్లు లేచే చోటు పొరుగే. కుషాయిగూడ దగ్గర ఇ.సి.ఐ.ఎల్. ఆవరణలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం 1969 నుండి ఉంది. 2016లో జిల్లాలు విడగొట్టిన తరువాత కూడా అదీ మేమూ ఒకే జిల్లాలో ఉన్నాం. పాలు, కూరగాయలు తీసుకుని తెల్లవారుజామునే పట్నం బయలుదేరే మా ఊళ్ళవాళ్ళు తూర్పు ఇంకా ఎర్రబడకముందే ఆకాశంలో తెల్లని చుక్క ఒకటి కదలకుండా మెరవడం చూసి ఉంటారు. నేల మీద ఇంకా చీకటి. అంత ఎత్తున ఉన్న బెలూనుకు మాత్రం అప్పటికే ఎండ తగులుతుంది. అందుకే ఆ మెరుపు.

2022 డిసెంబరు 7న అలాంటిదే ఒకటి హైదరాబాదు ఆకాశంలో కనబడి నగరమంతా తలెత్తి చూసింది. అదేరోజు వికారాబాదు జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఇంతకుముందెన్నడూ చూడని గుండ్రటి వస్తువు దిగింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గుంపులుగా వెళ్ళి చూశారు. అది ఒక విదేశీ సంస్థ మనుషులను బెలూన్ మీద పైకి తీసుకువెళ్ళడానికి చేసుకుంటున్న పరీక్ష, ఇక్కడి కేంద్రం సాయంతో ఎగిరినది. ఈ సంగతి తెలిసేలోగా ఎన్ని మాటలు పుట్టాయో! మా సంఘంలోనే కొందరు అంత్యదినాల గురుతు అన్నారు, కొందరు శత్రుదేశపు బాంబు అన్నారు. ఒక పెద్దమ్మ మాత్రం, “గదేందో దాన్ని పంపినోళ్ళనే అడగరాదుండ్రి” అన్నది. అందరిలోకీ తెలివైన మాట అదే.

ఆమె మాట పట్టుకుని ఈ నాలుగు సంగతులు రాస్తున్నాం. ఆకాశంలోని గురుతులకు జడియవద్దని దేవుడు తన ప్రజలకు యిర్మీయా ప్రవక్త ద్వారా చెప్పించాడు. 10వ అధ్యాయం తెరిచి చూసుకోండి. భయం పోవాలంటే ముందు ఆ పెట్టె ఏమి వెదకడానికి పైకి వెళ్తుందో తెలియాలి.

దానిని ఎగరవేసే కారణాలు చాలా ఉన్నాయి. గాలిని పరీక్షించడానికి, విశ్వకిరణాలను లెక్కించడానికి, కొత్త పరికరాలను సరిచూసుకోవడానికి పంపుతారు. వాటన్నిటిలో మాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఎక్స్‌రేల వెదుకులాట.

ఎక్స్‌రే అనగానే మనకు ఆస్పత్రి గుర్తుకొస్తుంది. కాలు విరిగినా, దగ్గు తగ్గకపోయినా ఆ చీకటి గదిలో చల్లని పలకకు ఛాతీ ఆనించి ఊపిరి బిగబట్టి నిలబడతాం. 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ అనే ఆచార్యుడు ఆ కిరణాలను కనుగొన్నాడు. అవీ వెలుగే, కాని మన కంటికి అందని వెలుగు. సూర్యుడిలోనూ, ఎక్కడో దూరాన ఉన్న నక్షత్రాల్లోనూ అవి పుడుతున్నాయని చాలాకాలం ఎవరికీ తెలియదు. తెలియకపోవడానికి కారణం మన నెత్తిమీది గాలే. గాలికి బరువేముంటుంది అనుకుంటాం గాని, మన మీద ఉన్న గాలినంతా తూచితే దాదాపు 10 మీటర్ల లోతు నీళ్ళంత బరువు ఉంటుంది. ముప్పై మూడు అడుగుల నీళ్ళున్న వ్యవసాయ బావి అడుగున కూర్చుని పైకి చూస్తున్నట్టు మనం బ్రతుకుతున్నాం. ఆకాశం నుండి వచ్చే ఎక్స్‌రేలు ఆ లోతు దాటి కిందికి రాలేవు. రాకపోవడం వల్లనే మనమూ, మన పశువులూ, పైరులూ క్షేమంగా ఉన్నాం. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు ఆకాశ విశాలాన్ని ఏర్పరచిన రెండవ దినం గురించి చదివినప్పుడల్లా మాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది.

మనల్ని కాపాడే ఈ తెరే పరిశోధకులకు అడ్డు. తెర దాటి పైకి వెళ్ళకపోతే ఆ వెలుగు కనబడదు.

మొదట దాటినవి రాకెట్లు. రెండవ ప్రపంచ యుద్ధంలో నగరాలను కూల్చడానికి జర్మనీ తయారుచేసిన వి-2 రాకెట్లు యుద్ధం తరువాత అమెరికా చేతికి చిక్కాయి. 1949లో హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు వాటిలో ఒకదానిలో కిరణాలను లెక్కించే గొట్టాలు పెట్టి పంపి, సూర్యుని నుండి ఎక్స్‌రేలు వస్తున్నాయని నిర్ధారించాడు. ఖడ్గాలను నాగటి నక్కులుగా సాగగొట్టే కాలం గురించి యెషయా చూసిన దర్శనం మనకు తెలిసిందే. ఈ ఒక్క రాకెట్టు విషయంలో కొంచెమైనా అలా జరిగింది.

సూర్యునిలో ఎక్స్‌రేలు వచ్చేది మనకు కనబడే పచ్చని బింబం నుండి కాదు. దాని వేడి సుమారు 5,500 డిగ్రీలు, ఎక్స్‌రేలు పుట్టడానికి అది చాలదు. బింబం చుట్టూ పల్చగా వ్యాపించి ఉండే తెల్లని వెలుగు వలయం ఒకటుంది, కరోనా అంటారు. దాని వేడి పది లక్షల డిగ్రీలు దాటుతుంది. (ఆ పేరు వింటే ఇప్పుడందరికీ వేరే జ్ఞాపకాలు వస్తాయి. కిరీటం అని దాని అర్థం. సూక్ష్మక్రిమికి ఆ పేరు పెట్టిందీ ఆకారం చూసే.) మామూలు రోజుల్లో ఈ వలయం కంటికి కనబడదు, సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడే కనబడుతుంది. 1980 ఫిబ్రవరి 16న మన తెలంగాణ పల్లెల మీదుగా అటువంటి గ్రహణం సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర శాస్త్రజ్ఞులు గుమిగూడి ఆ వలయాన్ని పరిశీలిస్తుంటే, మన పెద్దలు తలుపులు బిగించుకుని, పొయ్యి ఆర్పి, కడుపుతో ఉన్న ఆడపిల్లలను మూల కూర్చోబెట్టారు. నేరుగా సూర్యుణ్ణి చూడకూడదన్న జాగ్రత్త మంచిదే, కళ్ళు పోతాయి. కాని గర్భంలోని శిశువుకు చాయలు పడతాయన్న భయం క్రైస్తవ కుటుంబాల్లో కూడా ఇంకా వదలలేదు.

సూర్యుని ఎక్స్‌రేలు అతని మొత్తం వెలుగులో ఏ పదిలక్షల్లో ఒక వంతో. సూర్యుణ్ణి పక్క నక్షత్రమంత దూరంలో ఉంచితే ఆ కాలపు పరికరాలకు అందేవే కావు. కాబట్టి మిగతా నక్షత్రాల నుండి ఏమీ రాదనే చాలామంది అనుకున్నారు. 1962 జూన్ 18 రాత్రి రికార్డో జియకోని, బ్రూనో రోసి మొదలైనవారి బృందం అమెరికాలోని న్యూమెక్సికో ఎడారి నుండి ఒక చిన్న రాకెట్టు పంపింది. సూర్యకిరణాలు తగిలి చంద్రుడు ఎక్స్‌రేలు వెదజల్లుతాడేమో చూద్దామని వారి ప్రయత్నం. రాకెట్టు పైన ఉన్నది ఆరు నిమిషాలే. చంద్రుని సంగతి తేలలేదు గాని, వృశ్చికరాశి వైపు నుండి ఎవరూ ఊహించనంత బలంగా ఎక్స్‌రేలు వచ్చాయి. ఆ వస్తువుకు స్కార్పియస్ ఎక్స్-1 అని పేరు పెట్టారు. గాడిదలను వెదకడానికి బయలుదేరిన సౌలుకు రాజ్యం దొరికినట్టుంది ఆ కథ. జియకోనికి 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ వస్తువు ఏమిటో ఈనాడు తెలుసు. సుమారు 9,000 కాంతి సంవత్సరాల దూరంలో రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి 19 గంటలకొకసారి తిరుగుతున్నాయి. అందులో ఒకటి న్యూట్రాన్ నక్షత్రం. మన సూర్యునికంటె ఎక్కువ బరువంతా ఇరవై కిలోమీటర్ల ముద్దలోకి కుదించుకుపోయి ఉంటుంది. మేడ్చల్, శామీర్‌పేట రెండింటినీ కలిపి కప్పగలిగినంత ముద్ద, అంతే. జంట నక్షత్రం నుండి వాయువును అది తనవైపు లాగుకుంటుంది. ఆ వాయువు పడేటప్పుడు కోట్ల డిగ్రీలకు కాగి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. సూర్యుడు అన్ని రకాలుగా ఇచ్చే వెలుగు మొత్తం కలిపితే ఎంతో, అటువంటి సూర్యులు అరవై వేలంత అది ఎక్స్‌రేల్లోనే ఇస్తుంది.

ఇక మన హైదరాబాదు సంగతి. విశ్వకిరణాలను పట్టడానికి బెలూన్లు ఎగరవేయడం హోమీ భాభా కాలం నుండే టాటా సంస్థవారికి అలవాటు. రాకెట్టు కొద్ది నిమిషాల్లో కిందపడుతుంది. బెలూన్ గంటల తరబడి పైన తేలుతుంది, ఖర్చు కూడా తక్కువ. అయితే 30, 40 కిలోమీటర్ల ఎత్తున కూడా కాస్త గాలి మిగిలి ఉంటుంది. మెత్తని ఎక్స్‌రేలను అది ఆపేస్తుంది, గట్టివే బెలూనుకు అందుతాయి. సూర్యుడు మామూలుగా ఇచ్చేవి మెత్తనివే గనుక అతని కోసం రాకెట్లు, ఉపగ్రహాలు కావలసివచ్చాయి. దూరపు నక్షత్రాల గట్టి ఎక్స్‌రేలకు బెలూన్ సరిపోయింది.

హైదరాబాదు అందుకు అనువైన చోటు. భూమి అయస్కాంత శక్తికి మధ్యరేఖ దగ్గర ఉన్నందున లెక్క చెడగొట్టే విశ్వకిరణాలు ఇక్కడ తక్కువ పడతాయి. నాలుగు దిక్కులా వందల కిలోమీటర్లు నేలే గనుక పెట్టె సముద్రం పాలవదు. చిక్కు ఒక్కటే. మన వంటి ఉష్ణదేశాల్లో నేల మీద ఎంత ఉక్కపోసినా 16, 17 కిలోమీటర్ల ఎత్తున ఉండే చలి సున్నాకు 80 డిగ్రీలు కింద. పాలిథిన్ ఆ చలికి పెళుసై పగిలిపోతుంది. దానికి తట్టుకునే పొరను ఇక్కడివారే తయారుచేసుకున్నారు. మనం నారుమడి మీద కప్పే పట్టా కంటే ఎంతో పలుచన, దానితో ఒక మైదానమంత బెలూన్ కుడతారు. అందులో హైడ్రోజన్ నింపుతారు.

1968 ఏప్రిల్ 28న బి.వి. శ్రీకంఠన్, పి.సి. అగ్రవాల్ మొదలైనవారి బృందం హైదరాబాదు నుండి ఎగరవేసిన బెలూన్ ఎక్స్‌రే దూరదర్శినిని పైకి తీసుకువెళ్ళింది. శ్రీకంఠన్ అంతకు రెండేళ్ళ ముందే, 1966లో, అమెరికాలో వృశ్చికరాశిలోని ఆ వస్తువు ఉన్న చోటును సరిగ్గా తేల్చిన బృందంలో పనిచేసి వచ్చినవారు. పెట్టెలో అసలు పని చేసేది అరచేయంత స్ఫటికం, మనం కూరలో వేసే ఉప్పుకు దగ్గర చుట్టం, సోడియం అయొడైడ్. ఎక్స్‌రే తగిలినప్పుడల్లా అది మినుకుమంటుంది. ఆ మినుకులను లెక్కపెట్టాలి. పెట్టె గాలికి గిర్రున తిరిగిపోకుండా నక్షత్రం వైపే నిలబడే ఏర్పాటు ఉండాలి. అన్నీ కుదిరాయి. 20 నుండి 120 కిలో ఎలక్ట్రాన్ ఓల్టుల శక్తిగల ఎక్స్‌రేలను అది స్కార్పియస్ ఎక్స్-1 నుండి పట్టింది. ఇంచుమించు మన ఆస్పత్రి యంత్రం ఛాతీ ఫోటో తీయడానికి వాడే కిరణాల శక్తి కూడా అంతే! తొమ్మిది వేల సంవత్సరాలు ప్రయాణం చేసి వచ్చిన అటువంటి కిరణాలను మన ఊళ్ళ మీద, చీకట్లో, ఒక పెట్టె లెక్కపెట్టింది. మన దేశంలో ఎక్స్‌రే ఖగోళశాస్త్రానికి తొలి అడుగులు అవే.

తరువాత హంసరాశిలోని సిగ్నస్ ఎక్స్-1 వైపు కూడా ఇక్కడి బెలూన్లు చూశాయి. అది వెలుగును కూడా తిరిగి రానివ్వని కృష్ణబిలమనీ, సూర్యునికి 21 రెట్లు బరువనీ 2021లో లెక్క తేలింది. 1975 ఏప్రిల్ 19న ఎగిరిన మన మొదటి ఉపగ్రహం ఆర్యభటలో కూడా ఎక్స్‌రే పరికరం పెట్టారు. కరెంటు సరఫరా చెడి దాని పరిశోధనలు అయిదారు రోజులకే ఆగిపోయాయి. ఏళ్ళ తరబడి పడిన పాటు అయిదు రోజుల్లో ముగిసిపోతే ఆ మనుషుల మనసు ఎలా ఉంటుందో పంట కోతకు ముందు వడగళ్ళు పడిన రైతుకే అర్థమవుతుంది. వారు మానలేదు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ఆస్ట్రోశాట్ వెళ్ళింది. 1968 నాటి బెలూన్ బృందంలోని అగ్రవాల్ గారు దాని ప్రణాళికకు కూడా ముందు నడిచినవారే. సూర్యుని కోసం ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబరు 2న బయలుదేరి, 2024 జనవరి 6న 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన చోటు చేరింది. అందులో రెండు పరికరాలు సూర్యుని ఎక్స్‌రేల కోసమే.

ఇప్పుడు మళ్ళీ పొలంలో దిగిన పెట్టె దగ్గరకు వద్దాం. మాకు ముఖ్యమనిపించిన మాట ఇదే. ఎంత చదువుకున్న శాస్త్రజ్ఞుడైనా పెట్టె కిందికి దిగాక పల్లెలో ఉన్న మనిషి మీద ఆధారపడవలసిందే. లోపల ఉన్న వివరాలు పెట్టె విప్పితే పోతాయని ప్రకటనలోనే ఉంటుంది. దిగిన చోట ముందుగా చేరేది గొర్రెలు కాసే పిల్లవాడో, కలుపు తీయను వచ్చిన అక్కలో. పెట్టెలో రాగి తీగలుంటాయి, బ్యాటరీలుంటాయి, పారాచూట్ గుడ్డ చూడముచ్చటగా ఉంటుంది. గడ్డివాము మీద కప్పుకోవడానికి ఆ పాలిథిన్ బాగుంటుందని అనిపించడంలో వింత లేదు. పాత ఇనుము కొనేవాడు కిలోకి ఇంత అని వెంటనే లెక్కగడతాడు కూడా. దేవుని వాక్యం దీని గురించి ఎప్పుడో చెప్పింది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం మొదటి మూడు వచనాలు చూడండి. తప్పిపోయిన ఎద్దు గాని, గాడిద గాని, వస్త్రం గాని దొరికితే చూడనట్టు వెళ్ళిపోకూడదు, ఇంటివాడు ఎవరో తెలియకపోతే అతడు వెదుక్కుంటూ వచ్చేవరకు భద్రపరచాలి. గాడిద విషయంలో ఉన్న ధర్మం పరిశోధన పెట్టె విషయంలో ఎందుకు ఉండకూడదు? ముట్టుకోవద్దు అనడంలో మన క్షేమం కూడా ఉంది. లోపల ఎక్కువ ఓల్టేజి ఉండవచ్చు. బెలూన్ పొర దగ్గర బీడీ గాని అగ్గిపుల్ల గాని వెలిగించకూడదు.

ఈ మాటలు ఒక ఆదివారం ఆరాధన తరువాత చెబుతుంటే కూరగాయలు వేసే తమ్ముడొకడు లేచి, “అంతా బాగనే ఉంది అన్నా, అది నా టమాట తోటల పడితే? చూడనీకి వచ్చినోళ్ళంతా తొక్కితే ఎవరిస్తరు పైసలు?” అని అడిగాడు. కొందరు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. కౌలు చేను, అప్పు తెచ్చిన నారు, వేలమంది జనం ఒక్కరోజు తొక్కితే సంవత్సరం పోయినట్టే. నిర్గమకాండము 22వ అధ్యాయం అయిదవ వచనం ఇతరుని చేను పాడైతే నష్టపరచినవాడు తన చేలోని మంచి పంటతో తీర్చాలంటుంది. కాబట్టి పెట్టెను భద్రంగా అప్పగించమని రైతుకు చెప్పే నోటితోనే, పంట నష్టాన్ని రాసుకుని కట్టి ఇవ్వమని పరిశోధకులకూ, అధికారులకూ చెప్పాలి. బహుమతి వేరు, నష్టపరిహారం వేరు. పోలీసులు వచ్చినప్పుడు తొక్కిన మేర ఎంతో చూపించి, పంచనామాలో రాయించుకోండని ఆ తమ్మునికి చెప్పాం. జనాన్ని గట్టు మీదనే ఆపడం సంఘ యువకులు చేయగల పని.

2025 జనవరిలో హైదరాబాదు నుండి ఎగిరిన ఒక బెలూన్ కర్ణాటకలో బీదరు జిల్లా హుమ్నాబాదు దగ్గర జలసంగి అనే ఊళ్ళో దిగింది. తెల్లవారి లేచిన జనం మొదట బెదిరారు, పోలీసులకు చెప్పారు. పెట్టెతో పాటు ఉన్న ఉత్తరం చూస్తే ఎవరిదో తెలిసింది.

మా బడి పిల్లలు ఆ వృశ్చికరాశి ఎక్స్‌రే నక్షత్రం ఎక్కడుందో చూపించమని అడుగుతుంటారు. ఏప్రిల్ చివరలో, యాసంగి వడ్లు కళ్ళంలో పోసి కావలి పడుకునేవారికి అది సులువు. రాత్రి రెండు గంటల వేళ లేచి దక్షిణానికి తిరిగి నిలబడితే తేలు ఆకారం కొక్కెంలా తోకతో సహా కనబడుతుంది. తేలు తల నుండి ఎడమవైపుగా పైకి, చాచిన చేతి మూడు వేళ్ళ వెడల్పు కొలవండి. అక్కడ కంటికి ఏమీ కనబడదు. 1968లో ఆ పెట్టె చూసింది ఆ చోటునే.